మిర్చి కట్టెతో మేడారం అడవి

మేడారానికి రైలు లేదు. సమ్మక్క జాతరకని రైల్వేవాళ్లు వేసే స్పెషల్ బండ్లు వరంగల్లోనో కాజీపేటలోనో జనాన్ని దింపేస్తాయి. అక్కడి నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. బస్సో, సొంత బండో ఎక్కాల్సిందే. మా ఇంటి మేడమీద గదిలో మాత్రం కాజీపేటలో బయల్దేరిన బండి తిన్నగా మేడారం జంపన్న వాగు దాకా పోతుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల, దానిమీద 16.5 మిల్లీమీటర్ల పట్టాలు, 12 వోల్టుల కరెంటు. షెడ్డులో ఫిట్టరుగా జీవితమంతా అసలు ఇంజన్ల కింద పడుకుని బతికినవాణ్ణి. రిటైరయ్యాక బల్ల మీద నిలబెట్టుకునే ఇంజన్లకు అలవాటు పడ్డాను.

ఈ బొమ్మ రైళ్ల సరదా మన దగ్గర కొత్తగా కనిపిస్తుంది గానీ యూరప్, అమెరికాల్లో తరాల నాటిది. మన దేశంలో చూడాలంటే పుణె వెళ్లాలి. అక్కడి కొత్రుడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. ఊరు, స్టేషను, వంతెనలు, సిగ్నళ్లు, వాటి మధ్య ఒకేసారి పరిగెత్తే బండ్లు. అది చూసొచ్చిన ప్రతివాడూ ఇంటికొచ్చి ఒక బల్ల వేస్తాడు. ఆ తర్వాత చెట్ల దగ్గర ఆగిపోతాడు.

ఎందుకు ఆగిపోతాడో లెక్క చెప్తాను. ఎక్కువమంది వాడే కొలతను హెచ్‌ఓ అంటారు. అసలు వస్తువులో 87వ వంతు అన్నమాట. ఆ కొలతలో మన నీలం రంగు ఐసీఎఫ్ రైలు డబ్బా పొడవు 24 సెంటీమీటర్ల పైన, పట్టాల మీంచి ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు. పట్టాలు, ఇంజన్లు, డబ్బాలు కొనుక్కోవాల్సిందే, ఇంకో దారి లేదు. స్టేషను అట్టముక్కలతో లేస్తుంది. గుట్ట థర్మాకోల్‌తో, పాత న్యూస్ పేపర్ల గుజ్జుతో లేస్తుంది. బల్ల మీద అడవికని నేను వదిలింది ఆరు చదరపుటడుగులు. అసలు కొలతలోకి తిప్పితే అది ఒక ఎకరం. నిజంగానే ఎకరం, కాగితం మీద వేసుకుని చూడండి. ఐదు సెంటీమీటర్లకు ఒక చెట్టు చొప్పున నాటినా రెండొందలకు పైనే కావాలి.

జర్మనీ నోక్ కంపెనీదో, అమెరికా ఉడ్‌లాండ్ సీనిక్స్‌దో మంచి చెట్టు ఒక్కటి పది యూరోల చుట్టూ ఉంటుంది. ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే మన చేతికి వచ్చేసరికి వెయ్యి దాటుతుంది. రెండొందల చెట్లంటే రెండు లక్షలు. ఎకరం అడవికి రెండు లక్షలంటే తాడ్వాయి వైపు రైతు నవ్వుతాడు.

చవకవీ ఉన్నాయి. ఆర్కిటెక్చర్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వాడే ప్లాస్టిక్ చెట్లు ప్యాకెట్లలో దొరుకుతాయి, ఆన్‌లైన్లో అయితే వంద చెట్లు కొన్ని వందల రూపాయలకే వస్తాయి. నేను వాటిని వద్దనడానికి కారణం ధర కాదు. ఏడు సెంటీమీటర్ల చెట్టు అసలు లెక్కలో ఆరు మీటర్లు, అంటే పెరటి జామచెట్టు. 25 మీటర్ల టేకు కావాలంటే బల్ల మీద 29 సెంటీమీటర్లు నిలబడాలి, అంటే రైలు డబ్బా పొడవు కంటే చెట్టు ఎత్తే ఎక్కువ. ఇది చెప్తే ఎవరూ నమ్మరు. తాడ్వాయి నుంచి మేడారం పోయే 14 కిలోమీటర్ల దారిలో బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసినవాళ్లు నమ్ముతారు. రెండో కారణం రంగు. ఆ ప్లాస్టిక్ ఆకుపచ్చ ఏ అడవిలోనూ ఉండదు. పైగా అన్నీ ఒకే అచ్చులో పోసినవి, పక్కపక్కన పెడితే అడవి కాదు, నర్సరీ అవుతుంది.

అసలు మాటకొస్తాను. చెట్టు చేయబోయే ముందు తేల్చుకోవాల్సింది ఏ చెట్టు, ఏ ఊరు, ఏ నెల అని. విదేశీ పుస్తకాలన్నీ వేసవి పచ్చదనాన్నో, ఆకురాలు కాలపు ఎర్రదనాన్నో ఎలా చేయాలో నేర్పుతాయి. వాళ్ల అడవి అది. మన మేడారం జాతర మాఘ పౌర్ణమి ముందు, రెండేళ్లకోసారి. మాఘంలో ఆ అడవి ఎలా ఉంటుంది? టేకు ఆకు సగం రాలి, మిగిలినది గోధుమ రంగుకు తిరిగి వేలాడుతుంటుంది. బూరుగు పూర్తిగా మోడై, అడ్డంగా చాచిన కొమ్మల మీద ఎర్రటి పూలతో ఉంటుంది. మోదుగ మొగ్గ విడుస్తుంటుంది. పచ్చగా నిలబడేది వాగు ఒడ్డున తెల్ల మద్ది, నేరేడు, ఊళ్లో చింత, వేప, మర్రి. అంటే నాకు కావాల్సిన రెండొందల చెట్లలో ముప్పావు వంతుకు పచ్చటి ఆకే అక్కర్లేదు. బొమ్మ చెట్టులో ఖరీదంతా ఆకుది. కొమ్మలు నేల మీద దొరుకుతాయి.

అదికూడా ఏ మాఘమో చెప్పాలి. మన పంచాంగం జరుగుతూ ఉంటుంది కదా. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, అడవి బాగా రాలిపోయి ఉంది. 2026లో జనవరి 28 నుంచి 31. మూడు వారాలు ముందుకొచ్చేసరికి చెట్ల మీద ఆకు ఎక్కువ. నేను 2024 ఫిబ్రవరినే పట్టుకున్నాను. దానికి ఇంకో కారణం ఉంది, తర్వాత చెప్తాను.

ఇప్పుడు మిర్చి కట్టె. వరంగల్ చుట్టుపక్కల మిర్చి, పత్తి కాక వేరే మాటే ఉండదు. ఏనుమాముల మార్కెట్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోతలు అయిపోయాక చేనులో మిగిలే ఎండు మొక్కను రైతులు పీకి కుప్పేసి తగలబెడతారు. ఆ మొక్కను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మిర్చి కొమ్మ ఎప్పుడూ రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసి, అవి మళ్లీ రెండేసి. కింద బొటనవేలంత కాండం, చివర అగ్గిపుల్లలో సగం లావు రెమ్మలు. పెద్ద చెట్టు కూడా దాదాపు ఇదే లెక్కలో విచ్చుకుంటుంది. మధ్యలో కత్తిరించిన ఒక్కో కొమ్మా ఒక చెట్టు. ఒక్క మొక్కలో ఐదారు చెట్లు సులువుగా వస్తాయి. పత్తి కట్టె కూడా పనికొస్తుంది గానీ దాని కొమ్మలు తిన్నగా, దూరదూరంగా ఉంటాయి. బూరుగుకు అది బాగుంటుంది, టేకుకు మిర్చే.

మొదటిసారి ములుగు దారిలో ఒక చేను దగ్గర ఆగి అడిగితే ఆ రైతు నన్ను ఎగాదిగా చూశాడు.

“పొయ్యిలకా సార్?”

“కాదే, చెట్లు చేస్త.”

“చెట్టుతోని చెట్టు చేసుడేంది?” అని నవ్వి, “మోపు గట్టిస్త ఉండుండ్రి” అన్నాడు. పైసలు తీసుకోలేదు. ఇప్పుడు ఏటా వేసవిలో అటు పోతే ఆయనే ముందు గుర్తు చేస్తాడు.

తెచ్చినదాన్ని అలాగే బల్ల మీద గుచ్చకూడదు. పురుగు పడుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ రెండు చెంచాలు లీటరు వేడినీళ్లలో కలిపి, కొమ్మల్ని ఒక రాత్రి నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. పిల్లలున్న ఇంట్లో ఆ నీళ్లు జాగ్రత్త. ఆరాక ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు కలిపి ముంచి తీస్తే రెమ్మలు పుటుక్కున విరగవు. మరీ సన్నని రెమ్మలు కొంచెం వంగేలా ఉండాలంటే మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌ను రెట్టింపు వేడినీళ్లలో కలిపి అందులో నానబెట్టవచ్చు. నేను దాన్ని పిల్లలు ముట్టుకునే ముందు వరసకే వాడతాను.

తర్వాత బెరడు. విదేశీ పుస్తకాలు దీనికి ఏవేవో పేస్టులు చెప్తాయి. మనకు చెర్యాల ఉంది. అక్కడ నకాషీ పనివాళ్లు మాస్కులు చేసేది రంపం పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతోనే. కొండపల్లి బొమ్మలకు అతుకులు పెట్టే ‘మక్కు’ కూడా అదే. చింతగింజల్ని నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. సామిల్లులో అడిగితే రంపం పొట్టు సంచి నింపి ఇస్తారు. పొట్టును పిండి జల్లెడలో పట్టి, సన్నటిది మాత్రం జిగురులో కలిపి, పాత బ్రష్షుతో కాండం మీద పూయాలి. తడిగా ఉండగానే సూదితో నిలువు గీతలు గీస్తే టేకు, అడ్డం నిలువు రెండూ గీసి గళ్లు చేస్తే నల్ల మద్ది. నల్ల మద్ది బెరడును ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. జిగురులో కాస్త బోరిక్ పౌడర్ గానీ పటిక గానీ కలపండి, లేకపోతే వానాకాలంలో బూజు. చింతగింజలు రుబ్బే ఓపిక లేనివాళ్లు ఫెవికాల్‌తో కానిచ్చుకోవచ్చు. పని అవుతుంది.

రంగు దగ్గర చాలామంది చాక్లెట్ డబ్బా తెరుస్తారు. చెట్టు కాండం చాక్లెట్ రంగులో ఉండదు. ఎండలో చూస్తే టేకుది బూడిద రంగు, తెల్ల మద్దిది సున్నం కొట్టినట్టుండే తెలుపు, చిరుమానుది పాలిపోయిన తెలుపు. బొమ్మల రంగులు కొనకండి. పెయింట్ షాపులో డిస్టెంపర్‌లో కలిపే స్టెయినర్ సీసాలు ఉంటాయి. నలుపు, పసుపు, ఎర్రమట్టి రంగు, ఆకుపచ్చ. ఈ నాలుగు చిన్న సీసాలు, ఇంట్లో మిగిలిన తెల్ల డిస్టెంపర్ ఉంటే అడవికంతా సరిపోతుంది. అన్ని రంగుల్లోనూ కాస్త తెలుపు కలపాలి. దూరం నుంచి చూసేది కాబట్టి రంగు కొంచెం పాలిపోతేనే నిజం అనిపిస్తుంది.

వాగు ఒడ్డు తెల్ల మద్దికి మిర్చి కట్టె కుదరలేదు. ఆ చెట్టు నీళ్ల మీదికి ఒరిగి, వేళ్లు బయటపెట్టి నిలబడుతుంది, ఆ వంపు ఏ ఎండు కొమ్మలోనూ దొరకదు. దానికి తీగ. ఇళ్లకు వైరింగ్ చేసేవాళ్లు పారేసే తుక్కు ముక్కల్లో ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు చూసుకోండి. ఆ వైరులో 0.3 మిల్లీమీటర్ల రాగి పోగులు 22 ఉంటాయి. ఒక పోగు అసలు కొలతలో రెండున్నర సెంటీమీటర్ల కొమ్మ, అంటే చివరి రెమ్మకు సరిగ్గా సరిపోతుంది. జానెడు ముక్కలు మూడు తీసుకుని, పైన ప్లాస్టిక్ తొడుగు లాగేస్తే 66 పోగులు. కింద రెండంగుళాలు వదిలేసి అవి వేళ్లు అనుకోండి. దాని పైన మూడంగుళాల మేర కటింగ్ ప్లేయర్‌తో గట్టిగా మెలిపెడితే కాండం. ఆ పైన పోగుల్ని నాలుగు పాయలుగా చీల్చి ఒక్కో పాయనూ కాస్త మెలిపెట్టి, మళ్లీ చీల్చి, మళ్లీ మెలిపెట్టి, చివరికి రెండేసి పోగులు మిగిలేదాకా పోవాలి. జడ అల్లడం చూసి పెరిగిన ఆడపిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది. మా మనవరాలు టీవీ చూస్తూ చేసేస్తుంది. తాపీమేస్త్రీలు వాడే బైండింగు తీగ ఇంకా చవక గానీ అది మిల్లీమీటరు లావు. కాండానికి, పెద్ద కొమ్మలకు పనికొస్తుంది, రెమ్మలకు మొరటు.

ఇక ఆకు. సోఫాలు, బండి సీట్లు కుట్టే షాపులో స్పాంజి తుక్కు ఊరికే ఇస్తారు. దాన్ని ముక్కలు చేసి, పాత మిక్సీ జారులో నీళ్లు పోసి, స్టెయినర్ కలిపి తిప్పాలి. వంటకు వాడే జారు వద్దు. పొడిగా తిప్పితే స్పాంజి వేడెక్కి ముద్దవుతుంది, మోటారు వాసనొస్తుంది, కాబట్టి నీళ్లు తప్పవు. పిండి ఆరబెట్టి, ముందు టీ జాలిలో, తర్వాత బియ్యం జల్లెడలో పడితే రెండు మూడు సైజుల ఆకు వస్తుంది. ఒకే పచ్చ చేయకండి. మూడు డబ్బాల్లో మూడు పచ్చలు చేసి, వేసేటప్పుడు పైకొమ్మలకు లేతది, కిందికి ముదురుది వాడండి. వెలుగు పైనుంచి పడుతుంది కదా. కొమ్మకు ఫెవికాల్ నీళ్లు కొట్టి, పొడి చల్లి, మళ్లీ స్ప్రే. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే జారిపోకుండా లోపలికి పాకుతుంది. మంగలి షాపులో వాడే హెయిర్ స్ప్రేతో పని త్వరగా అవుతుంది, ఖర్చెక్కువ.

స్పాంజి రాక ముందు ఈ పనికి రంపం పొట్టు కూడా వాడేవారు. ఇప్పటికీ నేల మీద గడ్డికి అదే చాలు. నేల మీద రాలిన ఆకులకైతే ఇంకా సులువైన దారి ఉంది. ఎండిన టేకాకుల్ని అదే మిక్సీలో పొడిగా తిప్పి జల్లెడ పట్టండి. టేకాకు అసలుది అడుగు పైన ఉంటుంది, మన కొలతలో నాలుగైదు మిల్లీమీటర్లు. ఆ సైజు తునకలు చెట్ల కింద చల్లితే మాఘమాసం అడవి నేల కళ్లముందుకొస్తుంది. వాడేసిన టీ పొడిని ఎండబెట్టి బాటకు వాడవచ్చు, కానీ బాగా ఎండాలి.

వెదురు గురించి విడిగా చెప్పాలి. మేడారంలో వెదురు వట్టి చెట్టు కాదు. సమ్మక్క రాకకు ముందు అడవి నుంచి వెదురును వనంగా తెచ్చి గద్దె మీద నిలుపుతారు. ఆ తర్వాతే చిలకలగుట్ట నుంచి అమ్మవారు కుంకుమ భరిణె రూపంలో దిగుతుంది. వనం లేకుండా గద్దె చేస్తే చూసినవాళ్లు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఆ వైపు అడవుల్లో దొరికే వెదురు పది, పన్నెండు మీటర్లు. బల్ల మీద పద్నాలుగు సెంటీమీటర్ల లోపే. ఇల్లు ఊడ్చి అరిగిపోయిన కొండచీపురు తీసుకోండి. దాని పుల్లలు వెదురు బొంగుల్లా ఉంటాయి, పైన సన్నటి పాయలు. ముప్పై, నలభై పుల్లల్ని కింద దారంతో బిగించి కట్టి, పైన చేత్తో విచ్చదీసి, కొన్నిటిని బయటికి వంచి, లేత పసుపు పచ్చ పూయాలి. అంతే పొద. మధ్యలో రెండు మూడు పుల్లల్ని ఎండుగడ్డి రంగులో వదిలేయండి, ఏ వెదురు పొదలోనైనా ఎండినవి ఉంటాయి. కొత్త చీపురు కొనొద్దు, అరిగినదే మేలు. కొత్తదానికి పూత మరీ ఒత్తుగా ఉంటుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. మామిడి కాయ రాలిపోయాక చెట్టుకు వేలాడే పూత కాడ ఉంటుందే, అది ఎండితే చిన్న మోడు చెట్టు. తులసి వెన్నులు గుచ్చితే పొదలు. ధనియాలు దులిపిన కొత్తిమీర మొక్క గొడుగులా విచ్చుకుని తుమ్మచెట్టుకు పనికొస్తుంది. బీరకాయ పీచును చీల్చి రంగు వేస్తే ముళ్లపొద. కుల్ఫీ పుల్లకు దారం చుట్టి, చొక్కా గుండీ కంటే కాస్త పెద్దగా కత్తిరించిన కాగితం బిళ్లల్ని విసనకర్రలా మడిచి తల మీద అతికిస్తే తాటిచెట్టు. ఈతచెట్టు మట్టలకు కోడి ఈకల్ని కత్తెరతో సన్నగా తీర్చి వాడతారు. మేడారం జాతరలో కోడి ఈకలకేమి కొదవ! కొబ్బరి పీచు కూడా అక్కడ గుట్టలుగా పడి ఉంటుంది, వాగు గట్టున ఎండుగడ్డికి అదే వాడాను.

మోదుగ పూలు మాత్రం కొంచెం మోజుపడి చేయాల్సినవి. స్పాంజి పిండిలో చారెడు పక్కకు తీసి, నారింజ రంగు చేసి, చాలా సన్నగా జల్లెడ పట్టాలి. వంకర కొమ్మ ఏరుకుని, రెమ్మల పైవైపు మాత్రమే జిగురు తాకించి, వేళ్లతో చిటికెడు చల్లాలి. చెట్టంతా పూస్తే దీపావళి తోరణం అవుతుంది. నా అడవిలో పూసిన మోదుగలు నాలుగే. అందరి కళ్లూ వాటి మీదికే పోతాయి కాబట్టి వాటి చుట్టూ ఉన్న మిర్చి కట్టెల్ని ఎవరూ పట్టి పట్టి చూడరు. పొదుపు కిటుకంతా అక్కడుంది. రెండొందల చెట్లూ బాగుండక్కర్లేదు. అంచున, బండి పక్కన, కంటి ఎదురుగా ఉండే ఇరవై చెట్ల మీద మనసు పెట్టండి. వెనక వరసలో కాండాలు కూడా కనపడవు. అక్కడ దిండులో నింపే పాలిస్టర్ దూదిని నిమ్మకాయంత ఉండలు చేసి, జిగురులో ముంచి, ఆకు పొడిలోనో ఎండుటాకు పొడిలోనో దొర్లించి పక్కపక్కన పేర్చండి. బూరుగు దూది వాడదామనిపిస్తుంది, మన అడవిదే కదా అని. వద్దు, అది గాలికి రేగుతుంది, నిప్పు తొందరగా అంటుకుంటుంది. వెనక వరస చెట్లు ముందు వాటి కంటే పొట్టిగా, సగమే ఎత్తులో ఉంటే అడవి లోతుగా అనిపిస్తుంది. ముందు వరసలో కూడా నేను 22 సెంటీమీటర్లు దాటలేదు. కొలత ప్రకారం 29 రావాల్సిన చోట కోత పెట్టాను, ఎందుకంటే బండి మరీ పొడుగు చెట్ల కింద దాక్కుంటే బల్ల వేసిందెందుకు?

2024 ఫిబ్రవరినే ఎందుకు పట్టుకున్నానో చెప్తానన్నాను. ఆ ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలి లేచింది. వందల ఎకరాల్లో సుమారు 50 వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయని అధికారులు మొదట లెక్క చెప్పారు. నల్ల మద్ది, తెల్ల మద్ది, నేరేడు లాంటి పెద్ద పెద్ద మానులు. వాన, గాలి కలిసి వచ్చాయి, ఆ నేలలో వేళ్లు లోతుకు దిగవని కూడా అన్నారు. జాతర జనం అప్పుడు లేరు గనక సరిపోయింది. ఫిబ్రవరిలో బస్సులోంచి నేను ఫోనుతో తీసుకున్న ఫొటోలు మామూలు ఫొటోలు, అద్దం మీద చేతి నీడ కూడా పడింది. ఆగస్టు తర్వాత అవే నాకు కొలతలయ్యాయి. ఏ మలుపు దగ్గర ఎంత చిక్కగా ఉండేదో వాటిని చూసే నాటాను.

మా మనవడు కూలిన అడవి కూడా చేద్దాం అన్నాడు. బల్ల మీద వద్దని, విడిగా ఒక టీ ట్రేలో చేశాం. అందుకు మిర్చి మొక్కను వేళ్లతో సహా పీకి తేవాలి. మట్టి పట్టుకున్న ఆ వేళ్ల గుత్తిని పక్కకు తిప్పి నేల మీద పడుకోబెడితే, కూలిన మద్ది మాను వేళ్లచక్రం ఎలా లేచి నిలబడిందో అచ్చం అలాగే ఉంటుంది. వేళ్లు లేచిన చోట గుంట తీసి, అందులో ఎర్రమట్టి, కాస్త వార్నిష్ పోసి వాననీరు నిలిపాం. మానులన్నీ ఒకే దిక్కుకు పడాలి, గాలి పని అది. ఇంటికొచ్చినవాళ్లు బండి తిరగడం రెండు చుట్లు చూసి, ఆ ట్రే దగ్గర ఎక్కువసేపు నిలబడతారు.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు. తాడ్వాయి, మేడారం చుట్టూ ఉన్న అడవి ఏటూరునాగారం అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తించే చోటు. కిందపడి ఉంది కదా అని అక్కడి నుంచి పుల్ల కూడా తేవద్దు. తేవాల్సిన అవసరమూ లేదు. నేను చెప్పిన సరుకులో ఒక్కటీ అడవిది కాదు. చేనుది, పెరటిది, వంటింటిది, సామిల్లుది. అడవిలోంచి తెచ్చుకోవాల్సింది ఫొటోలే.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తాను. నా ఎకరం అడవికి చేతి నుంచి పోయింది ఫెవికాల్, నాలుగు స్టెయినర్లు, గ్లిజరిన్, పాలిస్టర్ దూది. అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. అంటే ఒక్క విదేశీ చెట్టు ఖరీదు. పోయిన కాలం మాత్రం లెక్కలో లేదు, రిటైరైనవాడి కాలానికి ఎవరూ బిల్లు వేయరు.

రైలు బల్ల లేనివాళ్లకూ ఇది పనికొస్తుంది. బడిలో సైన్స్ ఫెయిర్‌కు అడవి నమూనా, సంక్రాంతికి బొమ్మల కొలువు, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు, అన్నిటికీ ఇవే చెట్లు. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలు, అంటే 160వ వంతు వాడేవాళ్లు మిర్చి కొమ్మ చివరి భాగం మాత్రమే తీసుకుంటే చాలు. మిర్చి కోతలు వేసవి మొదలయ్యేసరికి ముగుస్తాయి, ఆ వెంటనే కట్టె తగలబెట్టడం మొదలవుతుంది. మీ ఊరి దగ్గర మిర్చి చేను ఉంటే రైతును ముందే అడిగి పెట్టుకోండి, నిప్పు పెట్టే లోపు ఒక మోపు తెచ్చుకోండి. సన్న రెమ్మలు దారిలో విరగకుండా పాత దుప్పట్లో చుట్టి, బస్సులో పైన కాకుండా ఒళ్లో పెట్టుకుని తెండి.